మేనేజ్

సోహార్ రేవుకు ఇవతల, ఉప్పునీళ్లను మంచినీళ్లు చేసే ప్లాంటుల
ఎండకు పని బంద్ పెట్టే మూడు గంటలు మాకు బడి.
కంటెయినర్ నీడల అట్టముక్క పరిచి
షెన్ గ్వోలిన్ నోటుబుక్కు తెరుస్తడు.
ఎల్లుండి వాని పరీక్ష. పాసైతే ఫోర్‌మన్.
నాది పదో తరగతి ఇంగ్లీషు,
వానికి అదే పెద్ద కాలేజీ.

ఇయ్యాల్టి మాట మేనేజ్.
పెత్తనం చేసుడు అని
సగం నోటితోని, సగం చేతులతోని చెప్పిన.
ఆఫీసు అద్దాల దిక్కు వేలు చూపిన:
ఆయన చేస్తడు, మనం చేయించుకుంటం.

వాడు నవ్వి ఒక అక్షరం గీసిండు,
నెత్తిన రెండు వెదురాకులు, కింద ఇంటికప్పు.
"గ్వాన్."
అర్థం అదేనట, పెత్తనం.
ఇంకో అర్థముందని
పక్కనున్న నాలుగించుల ముక్కను తట్టిండు.
టంగుమన్నది.

పైపు!
పదకొండేండ్ల సంది నా భుజం మోసేది
వాళ్ల భాషల అధికారమట.
లోపలంతా బోలు.

ఆ తర్వాత పాఠం దారి తప్పింది.
మొన్న తుప్పు బోల్టును ఇద్దరం వేలాడి ఊడదీసినం గద,
అది సుత మేనేజే అన్న.
గ్వోలిన్ రాసుకోలే.
అరచేతి పొక్కు చూసుకున్నడు,
మళ్ల అద్దాల దిక్కు చూసిండు.

మా దిక్కు ఆఫీసరును మేనేజ్ చేసిండంటే
చేతుల ఏదో పెట్టినట్టు.
నా వీసా అట్లనే వచ్చింది.
ఫోన్ల జమున అడుగుతది, నిద్ర పడుతుందా అని.
మేనేజ్ చేస్తున్న అంట.
పిల్లల ఫీజు సంగతి నేనడిగితే
ఆమె నోట్ల గదే మాట.
ఇద్దరం దాన్ని దుప్పటి లెక్క కప్పుతం,
కింద ఏమున్నదో ఎవ్వరం లేపి చూడం.

ఇదంతా వానికెట్ల చెప్పాలె?

వాడే చెప్పిండు.
అమ్మానాయినలు బొమ్మల ఫ్యాక్టరీకి పోయిన ఏడు
ఊళ్లోళ్లు తన గురించి అనేటోళ్లట:
ఈ పిలగాన్ని మేనేజ్ చేసేటోళ్లు లేరు.
పెత్తనమా, అని అడిగిన.
తల అడ్డంగ ఊపిండు.
గిన్నెల అన్నం పెట్టినట్టు,
బొత్తాం పెట్టినట్టు చూపిండు.
సాకుడా?
ఆ మాట వాని నోట్ల తిరగలే. "సా కూ."
ఏడేండ్లప్పుడట.

మూడున్నరకు సైరన్.
పైపుముక్క నిప్పు లెక్క కాలుతున్నది.
గుడ్డ చుట్టి భుజానికెత్తబోతుంటే
వెనుకనుంచి వాని ఇంగ్లీషు,
ఒక్కో ముక్క ఏరి పెట్టినట్టు:
"మల్హారీ, కెన్ యూ మేనేజ్?"

ఎప్పటి జవాబు నాలిక మీదికొచ్చింది.
మింగిన.
"లే," అన్న. "ఆ కొస పట్టు."