వెనక పక్క

మిషను పళ్ళు కిందికి దించేసింది థోర్డిస్.
ఇక బట్టని లాగేవాళ్ళెవరూ లేరు,
చేతులెటు పోతే కుట్టు అటు.

గిమ్లీలో సరస్సింకా గడ్డకట్టే ఉంది.
ముక్కలన్నీ అతికి, అంతవరకే చేసి
పోయింది వదిన ఉనా.
మూడో వరసలో ఒక చదరం వంకర.
విప్పలేదు.

దారం జానెడు నీలం, బెత్తెడు పసుపు,
ఎక్కడ మారుతుందో దానికే తెలియాలి.
వంకర దగ్గరకొచ్చేసరికి
సరిగ్గా ఉనా పాతగౌను ఆకుపచ్చ అయి
బట్టలో కలిసిపోయింది.

"దొంగా!" అంది థోర్డిస్. ఎవర్ని అందో.

రాత్రి బొంత తిరగేసింది.
తెల్లటి వెనక పక్క మీద
దాక్కున్నదంతా ఉంది:
మెలికలు, తడబాట్లు,
ఒకచోట చెయ్యి ఆగిపోయి
సూది మాత్రం
అక్కడే పొడుస్తూ ఉండిపోయిన
ముడి.