ఉప్పు తుడిచే పని

ముత్తుకూరు దాటాక, రేవు రోడ్డులో
బొగ్గు లారీల దుమ్ము వెనకాల
మా బయోడీజిల్ ఫ్యాక్టరీ.
నెల్లూరు హోటళ్ళలో బజ్జీలు వేయించి వేయించి
నల్లబడ్డ నూనె డ్రమ్ముల్లో ఇక్కడికొస్తుంది.
గేటు దగ్గర ఆకలేస్తుంది.
లోపలికెళితే ఆ ఆకలి చచ్చిపోతుంది.

నా పని కళ్ళు తుడవడం.
మిథనాల్ ట్యాంకుల చుట్టూ స్తంభాల మీద
పదకొండు ఎర్ర డబ్బాలు, పిడికిలికి కాస్త పెద్దవి.
సముద్రం నాలుగు కిలోమీటర్లు.
సాయంత్రం గాలి మళ్ళిందంటే
తెల్లారేసరికి అద్దాల మీద ఉప్పు.
మసకేసిన కన్ను పసుపు లైటు పెట్టి నన్ను పిలుస్తుంది.
పిలవని రోజునే నాకు భయం.

ఒక్కో డబ్బాలో మూడు కళ్ళు.
ఒకటి మంటను వెతికేది,
మిగతా రెండూ దాని మాట నమ్మనివి.
నీళ్ళ గుంటలో ఎండ మెరిసి మొదటిది ఉలిక్కిపడితే
"ఎండలే, ఊరుకో" అంటాయి.
అవతల షెడ్డులో ఖాజావలి వెల్డింగ్ పెడితే
"ఖాజావలిలే" అంటాయి.
లారీ సైలెన్సరుకైనా, హాలోజెన్ దీపానికైనా
అడిగేది ఒకటే:
వణుకుతోందా?
వేడి ఊరికే ఉండగలదు.
మంట ఉండలేదు.
సెకనుకి నాలుగుసార్లో ఏడుసార్లో వణుకుతుంది,
మన కంటికి లేని ఒక రంగులో.
ఆ రంగుకి పేరు పెట్టలేదెవరూ.
నాలుగు పాయింట్ నాలుగు మైక్రాన్లని
డబ్బాతో వచ్చిన కాయితంలో ఉంది.

మూడు నెలలకోసారి లాంతరులాంటి దీపం పట్టుకెళ్ళి
వాటి ముందు దొంగ మంట ఆడిస్తాను.
మోసపోతే పాసు.

మా నాయన కొండపి దగ్గర పొగాకు బ్యారన్లు కాల్చినవాడు.
ఒక్కో కాల్పుకి ఆరు రాత్రులు కాపలా.
లోపల గొట్టం మీద ఒక్క ఆకు రాలినా
గోడ ఇవతలనుంచే ముక్కుతో పట్టేవాడు.
మిథనాల్ మంటకి పొగ లేదు నాయనా,
పట్టపగలైతే రంగూ లేదు అంటే
చుట్ట పక్కన పెట్టి
"మంటంటే చెప్పి వచ్చేది గదరా" అన్నాడు.

మే నెల. పన్నెండుంబావు.
మూడో పంపు సీలు కారింది.
నిప్పు ఎక్కడ కలిసిందో
రిపోర్టులో ఆ గడి ఇప్పటికీ ఖాళీ.
పంపు మీద గాలి కాస్త అలలాడింది.
మేలో ఇక్కడ అలలాడని గాలి ఎక్కడుంది?
వెంగమాంబక్క చీపురుతో అటే నడుస్తోంది,
ఏదో లెక్క వేసుకుంటా, వేళ్ళు మడుచుకుంటా.
ఇంకో పది అడుగులు.

ఏడో నంబరు డబ్బా మూడు సెకన్లు ఆలోచించింది.
ఒక కన్ను అవునంది.
రెండు కళ్ళు కాదనలేకపోయాయి.

పైనుంచి నీళ్ళు.

"ఏంది అబ్బయా ఇది!
ఎండాకాలమని తలకి పోయిస్తా ఉండావా?
నిన్న కట్టిన చీర!"
సైరన్ని మించి ఆమె తిట్లే వినపడ్డాయి.
నాకు నోరు పెగల్లేదు.
నీళ్ళు ఆగినాక పంపు చూపించాను.
పెయింటు బొబ్బలెక్కి ఉంది, అప్పడంలా.
చెంగు పిండుకుంటా చూసింది.
మళ్ళీ చూసింది.
తిట్టడం సగంలో ఆపేసింది, మిగతా సగం ఏమైందో తెలీదు.

రిజిస్టర్లో నా రాత:
ఏడో నంబరు. నిజం మంట. సీలు మార్చాం.

మర్నాడు అడక్కుండానే వచ్చి నిచ్చెన పట్టుకుంది.
మెత్తటి గుడ్డతో నేను ఉప్పు తీస్తుంటే
కిందనుంచి అడిగింది:
"ఈ కంటికి నేను అవుపిస్తానా?"
"లేదక్కా. దీనికి మనుషులు కనపడరు."
"మరి నన్నెందుకు తడిపిందంటా?"

గుడ్డ విదిలించాను. కాస్త ఉప్పు ఆమె జుట్టు మీద రాలింది.
ఎనిమిదో స్తంభం దగ్గరికి
ఇద్దరం నిచ్చెన జరుపుకున్నాం.