జవాబు: తెలియదు

పది ప్రశ్నల పరీక్ష.
నర్సు ఒసెఖో కళ్ళజోడు ముక్కు మీదికి జార్చి
మూడోది చదివింది:
"ఈ సూది నిన్ను ఆ జబ్బు నుంచి కాపాడుతుందా?"
కాపాడుతుందన్నాను, మర్యాదకి.
తప్పు.
కాపాడదన్నాను, భయానికి.
అదీ తప్పేనమ్మా, అంటూ
కాగితాలు మళ్ళీ మొదటి పేజీకి తిప్పింది.

మూడో శుక్రవారానికి గానీ పాసవలేదు.
సరైన జవాబు: తెలియదు.
నీకూ తెలియదు, నాకూ తెలియదు,
అద్దాల గదిలో డాక్టరుకీ తెలియదు.
బడిలో ఈ మాటకే కదా
కణుపుల మీద స్కేలుతో కొట్టేవాళ్ళు!
ఇక్కడ సంతకం పెట్టించుకుని
టాక్సీ ఖర్చులిచ్చారు.

జూబర్టన్‌లో టాక్సీ స్టాండు వెనక రేకుల షెడ్డు నాది.
జడలల్లుతాను. తలకి నాలుగు గంటలు.
నాలుగు గంటలు మెడ వంచిన ఆడది
చెప్పని సంగతంటూ ఉండదు.
ఎవరి మొగుడు గని హాస్టల్నించి ఏం మోసుకొచ్చాడో,
ఎవరి పిల్ల మాత్రలు
మొక్కజొన్నపిండి డబ్బాలో దాస్తుందో,
పాయ మీద పాయ వేస్తూ పదహారేళ్ళు విన్నాను.

మా చెల్లి కూడా ఈ స్టూలు మీదే కూర్చునేది.
మొసెట్సనాఖాపె.
మళ్ళీ ఆడపిల్లే, అని ఆ పేరుకి అర్థం.
చివర్లో దాని తల మీద
నా వేళ్ళకి పట్టు దొరికేంత జుట్టు మిగల్లేదు.
అయినా వచ్చి కూర్చుంది.
అయినా దువ్వాను.

డబ్బు కోసం చేరిందన్నారు.
నిజమే, టాక్సీకి పోగా మిగిలినదానితో
రెండు మగ్విన్యాలు కొనుక్కునేదాన్ని,
చేతులు కాలేంత వేడివి.

ఆ క్లినిక్కు మెట్లెక్కుతుంటే ఎవరో చూశారు.
వారం తిరక్కుండా రెండు తలలు తగ్గాయి.
నెలకి ఐదు.
వచ్చినవాళ్ళు కూడా దువ్వెన కంటే ముందు
నా చేతుల్ని చూసేవాళ్ళు.
సూదిలో జబ్బు లేదే, అన్నాను.
మరేముంది?
మందో, ఉప్పునీళ్ళో.
ఏదో నీకే తెలీదా?
తెలీదు.
కిసుక్కున నవ్విందొకామె.
జడ సగంలో ఉంది కాబట్టి లేచిపోలేదు.

వాపు కొలుచుకోమని కాగితపు టేపిచ్చారు,
రాసుకోడానికి డైరీ.
మొదటి రాత్రి రెండు సెంటీమీటర్లు.
"ఎరుపు ఉందా?" అని ఒక గడి.
నా నలుపులో ఎరుపెక్కడ వెతకను?
"వేడి" అని రాశాను.
రెండో రాత్రి ఒకటి.
మూడో రాత్రి సున్నా.
ఆ సున్నా చుట్టూ పెన్ను
ఊరికే ఇంకో రెండుసార్లు తిరిగింది.
ఉప్పునీళ్ళకి ఒళ్ళు వాస్తుందా?

ఇరవై నెలలయ్యాక చర్చి హాల్లో
ప్లాస్టిక్ కుర్చీలు వేసి చెప్పారు:
పని చెయ్యలేదు. ఆపేస్తున్నాం.
మందు పడినవాళ్ళలో ఎందరికో
నీళ్ళు పడినవాళ్ళలోనూ ఇంచుమించు అందరికే వచ్చిందట.
మూలన ఎవరో ఏడుస్తున్నారు.
ఎవరో చూడ్డానికి ఒక్కరం కూడా వెనక్కి తిరగలేదు.

ఒక పిల్ల లేచి అడిగింది: మా రక్తం?
పారెయ్యరట. మంచు పెట్టెల్లో
పేరు లేకుండా నంబర్లతో ఉంటుందట,
తరవాతి మందుకి పనికొస్తుందేమోనని.
"వస్తుందా?"
డాక్టరు కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు.
ఒసెఖో నా వైపు చూసింది.
ఆ జవాబు మా ఇద్దరికీ వచ్చు.

నీకు పడిందేదో ఇందులో ఉందంటూ
తలా ఒక కవరిచ్చారు.
దారం రీళ్ళ కింద పడేశాను, ఇంకా విప్పలేదు.
కాగితపు టేపు మాత్రం అద్దానికి వేలాడుతోంది.
పాపిటలు సమంగా తీయడానికి పనికొస్తుంది,
పాయకి సెంటీమీటరు, సరిగ్గా.

ఇవాళ స్టూలు మీద మొసెట్సనాఖాపె కూతురు.
పదకొండేళ్ళు. దువ్వెన విరిగేంత ఒత్తు జుట్టు.
రెండు చేతులా పట్టుకోవాల్సొస్తోంది.
"అంత గట్టిగా లాగకు పెద్దమ్మా," అంటోంది.