విరిగిన సూదుల రిజిస్టరు

నా కొలువు విరిగిన సూదులతో.
మసేరు ఊరి చివర, థెత్సానే గేటు లోపల,
మూడో షెడ్డు మూలన చిన్న కిటికీ. దాని వెనక నేను.
సూది విరిగితే ముక్కలన్నీ ఏరుకుని తేవాలి.
మొన, నడుము, బెజ్జం
తెల్లకాగితం మీద వరసగా పేర్చి టేపు అంటించి
తేదీ, లైను, మెషిను నంబరు రాశాకే
కొత్త సూది.

ఒక్క ముక్క తగ్గినా లైను ఆగిపోతుంది.
అయస్కాంతం పట్టుకుని సూపర్‌వైజరు
మోకాళ్ల మీద పాకుతాడు.
సముద్రాల అవతల
ఏ పిల్లాడి తొడకైనా గుచ్చుకుంటుందని.
నిజమే, గుచ్చుకోకూడదు.

పదకొండేళ్లు అలాగే రాశాను.

ఒక జూన్ పొద్దున, కొండల మీద మంచు దిగిన రోజు
పులెంగ్ వచ్చి కిటికీ ముందు నిలబడింది.
చేతిలో రెండు ముక్కలే.
మూడోదేదీ అంటే
వేలు చూపించింది.
"అది కూడా తెస్తేనే కొత్తది."
అన్నది నేనే. ఇంకెవరో కాదు.
ఇప్పటికీ ఆ మాట
నాలుక మీద తుప్పు రుచి.

ఆ సాయంత్రం రిజిస్టరు తిరగేసి
చివరి పేజీ నుంచి మొదలుపెట్టాను, పెన్సిలుతో.

లైను ఆరు, పులెంగ్. చూపుడువేలు.
క్లినిక్‌కి పోయినందుకు సగం రోజు జీతం కోత.
మూడు నెలల కాంట్రాక్టు, మళ్లీ రాయలేదు.

లైను రెండు, మాత్సెపాంగ్.
కాన్పయిన పదహారో రోజుకే మెషిను ముందు.
జీన్స్ జేబులు కుడుతుంటే చొక్కా పాలతో తడిసింది.
(త్సెపాంగ్ తల్లి అని ఆ పేరుకి అర్థం.
బిడ్డ పుడితే మా దగ్గర అమ్మకి కొత్త పేరొస్తుంది.
జీతం మాత్రం రాదు.)

లైను తొమ్మిది, లినేవో.
ఓవర్‌టైము అయ్యాక చీకట్లో నడక, వంతెన దాకా.
ఆ తర్వాత తను ఏమీ చెప్పలేదు.
గడి ఖాళీగా వదిలాను.

సూది కోసం సోదికి పోయినట్టే అయింది.
ఒకరి తర్వాత ఒకరు, టీ గంటలో,
విరిగిన సూది లేకుండానే కిటికీ దగ్గరికి వచ్చేవారు.
"రాసుకుంటావట కదా?"
రాసేదాన్ని.
ముందునుంచి సూదులు, వెనకనుంచి ఆడవాళ్లు,
ఒక ఆగస్టు నాడు నడిమి పేజీలో ఎదురుపడ్డారు.
ఇక చోటు లేదు.

మర్నాడు టీ గంట మోగి ఆగాక
ఎవరూ మెషిను ఆన్ చెయ్యలేదు.
స్క్రూ విప్పి తలా ఒక సూది పట్టుకుని
నా కిటికీ ముందు వరస కట్టారు.
"ఇది విరగలేదే" అన్నాను.
"తెలుసు, తీసుకో" అంది మాత్సెపాంగ్.
నాలుగు వందల పదమూడు.
బాగున్న సూదిని రాసుకునే గడి
ఆ రిజిస్టరులో లేదు.
ఒడి పట్టాను.

గేటు బయట తొమ్మిది రోజులు.
డ్రమ్ములో మంట, భుజాల మీద దుప్పట్లు,
ఒకే కుండలో పాపా, పక్కన ఉడికించిన ఆకుకూర.
ఐదో రోజు ఇద్దరు లోపలికి వెళ్లిపోయారు.
వాళ్లని ఎవరూ తిట్టలేదు.
వాళ్ల ఇళ్లలో అప్పుడు ఏం ఉడుకుతోందో
మాకు తెలుసు.

రాత్రి బస్సు వచ్చింది.
కాన్పుకి పన్నెండు వారాల జీతం అడిగితే ఆరు ఇచ్చారు.
రోజుకూలి మీద పెరిగింది రెండు రొట్టెల ధర.
కాంట్రాక్టుల సంగతి చూద్దామన్నారు.
ఇంకా చూస్తూనే ఉన్నారు.

పులెంగ్ టాక్సీ స్టాండులో నూనె బూరెలు అమ్ముతోంది.
చిల్లర ఇచ్చేటప్పుడు ఆ వేలు వంగదు.
నాణెం జారితే ఇద్దరం ఒకేసారి వంగుతాం.
ఎవరం ఏమీ అనం.

నాకు కొత్త రిజిస్టరు ఇచ్చారు.
ప్రతి పేజీకీ నంబరు, సంతకం,
వెనకనుంచి రాయడానికి వీల్లేకుండా.
అట్ట లోపలివైపు మాత్రం
ఏమీ అచ్చెయ్యడం మరిచిపోయారు.
పెన్సిలు చెవి మీదే ఉంది.