ఊట

రాత్రి రెండింటికి, ఫ్రిజ్ తలుపు వెలుతురులో
ఆలివ్ కాయల సీసా ఎత్తి తాగుతున్నాను.
కాయలు కాదు, ఊట.

డాక్టర్ ఒబాండో చెప్పినవన్నీ కంఠతా వచ్చు నాకు.
చర్మం మెత్తబడుతుంది. రొమ్ములు సలుపుతాయి.
అరటిపళ్ళు తగ్గించు. మూడు నెలలకోసారి రక్తం ఇచ్చిపో.
ఉప్పు మాట ఎత్తలేదావిడ.
ఉప్పు తిన్నవాళ్ళు నీళ్ళు తాగక తప్పదు, సరే,
తాగిన నీళ్ళకి
పోర్వెనీర్ పడవ జలసంధి దాటేలోగా
ఇంజన్ గది నిచ్చెన నాలుగుసార్లు ఎక్కాలని
సామెత కొసన ఎవరూ రాయలేదు.

ఇరవై రెండేళ్ళుగా డీజిల్‌కి చచ్చిపోయిన ముక్కు
ఆరోవారంలో లేచి కూర్చుంది.
రెండు మెట్ల కిందనుంచే చెప్పగలను
ఎర్నాన్ జేబులో నారింజ తొక్కలున్నాయని.
లాకర్ తెరిస్తే పాత ఓవరాల్,
అందులో ఎవరో మగమనిషి చెమట.
ఎవడబ్బా వీడు అనుకున్నాను.
పోయినవాళ్ళ బట్టల్లా నెమ్మదిగా మడతపెట్టాను,
హూటర్ మోగింది,
మళ్ళీ విప్పి అదే తొడుక్కున్నాను.

ఇక చలి.
పుంతా అరేనాస్‌లో పుట్టినదాన్ని, నాకు చలేమిటి!
గాలి రోజుల్లో వీధి మూలల్లో తాళ్ళు కడతారు,
పట్టుకుని నడిచేవాళ్ళని చూసి నవ్వేదాన్ని.
ఈ సెప్టెంబర్‌లో రెండు చేతులా పట్టుకున్నాను,
వేళ్ళు కొయ్యలైపోయాయి.
ముందు నడుస్తున్న బడిపిల్ల
వెనక్కి చూడకుండానే అరిచింది,
"గట్టిగా పట్టుకోండి సెన్యోరా!"
ఏ అడుగుల చప్పుడు విని అందో అడుగుదామనుకునేలోపు
నా టోపీ బందరులో పడింది.

అమ్మని పూడ్చిన రోజు కన్ను తడవలేదు నాకు.
నిన్న పడవ తలుపు దించుతుంటే
గొర్రెల లారీ వెనక్కి వస్తోంది,
కమ్మీల మధ్యనుంచి ఒక గొర్రె నావైపు చూసింది.
అంతే.
ఎక్కిళ్ళు పెట్టి ఏడ్చాను, గొర్రె కోసం,
గొర్రె కోసమేనా?
ఎర్నాన్ తుడుచుకోమని గుడ్డ ఇచ్చాడు, దాన్నిండా గ్రీజు.
"డీజిల్ పడిందా కంట్లో?"
"ఆఁ, డీజిలే."
సాయంత్రందాకా నల్లమొహంతో తిరిగాను, వాడు ఒక్క ముక్క అడగలేదు.
డ్యూటీ పట్టీలో నెరేయిదా అని
వంకర అక్షరాలతో రాసింది వాడే.

ఇంతకీ ఈ సీసా మూత.
ముప్ఫై రెండు నంబరు నట్టు విప్పిన చేతికి
ఇది లొంగలేదు.
పై వాటాలో దానిత్సా తలుపు కొట్టాను.
ఎనభై ఒకటి ఆవిడకి, నిద్ర పట్టదు,
ఒక్క తిప్పు, టప్‌మంది.
నా అరచేతులు పట్టుకుని చూసింది.
"యాభైలో నన్నొదిలి మెట్లు దిగిపోయింది ఒకటి,
ఎటు పోయిందో అనుకున్నా.
ఇన్నాళ్ళూ కింద వాటా తలుపు వెతుక్కుంటోందన్నమాట.
ఏం, వేడి ఆవిర్లు కూడానా?"
లేవన్నాను. "చలి."
"అదృష్టవంతురాలివి" అంటూ గ్లాసు చాపింది.
"నాకూ కాస్త ఆ ఊట పొయ్యి."

అప్పట్నుంచీ మూత వదులుగానే పెడుతున్నాను.