అంచు

పటాలు కట్టే పీరాసాబ్ అంగట్లో
గాజుపలక మీద పరిచినాం ఫోటోని.
యాభై మూడో, యాభై నాలుగో,
కర్నూలు రాజధానిగా ఉన్నప్పటిది.
గుడారాల వరస, వెనక బురుజు భుజం,
ముందర కోట్లేసుకున్న పదకొండు మంది.
కింద, రెండువేల తొమ్మిది వరద
నాకి వదిలిన పసుపు గీత.

"పదకొండు కాదప్పా, పన్నెండు" అన్నాడు ఉరుకుందు.
"బురుజు ఈ దిక్కు ఎట్లొస్తాది?
కుడెడమలు తారుమారైనాయి" అన్నాడు
రిటైరైన సర్వేయరు మద్దిలేటి.
టీలు చల్లారినాయి.
ఆ కోటుకొక పేరు, ఈ తలపాగాకొక ఊరు
తలా ఒకటి తొడుగుతాన్నాం.

మక్కా పటానికి అద్దం మార్పించుకోను వచ్చిన మాబున్ని
మా భుజాల సందులోంచి తొంగిచూసి
అంచున పొగలాంటి దానిమీద గోరు పెట్టింది.
"ఇది ఎవురు?"
మరక, అన్నాం.
"మరకకు కడవుంటాదా నాయనా?"

చూసినాం.
నిజమే, నడుం మీద కడవ.
మొగం యాడుందో, కాళ్ళు యాడున్నాయో.
"కదిలింది. ఆ కాలం కెమెరా ఒప్పుకోదు" అన్నాడు పీరాసాబ్.
"పనుండే మనిషి ఎట్ల నిలబడతాది?"
అనేసి, పటం చంకన పెట్టుకొని
ఎండలోకి ఎల్లిపాయ మాబున్ని.

ముందే కోసిపెట్టిన చట్రం
పన్నెండుకు పది.
ఫోటో అంచు రెండు వేళ్ళు ఎక్కువ.
పీరాసాబ్ కత్తెర తీసినాడు.
పన్నెండోవాడి సంగతి ఇంకా తేలనేలేదు,
ఉరుకుందు అరచెయ్యి అడ్డంపెట్టి అడిగినాడు:
"పెద్ద చట్రానికి ఎంతైతాది?"