పిడికిలి లెక్క

తూచుతాను, ఎండబెడతాను, మళ్ళీ తూచుతాను.
కొస్కిలాహ్తి మిల్లులో నా ఉద్యోగం మొత్తం ఇంతే.
మొదటి అంకెకీ రెండో అంకెకీ నడుమ
ఎగిరిపోయినదాని పేరు నీళ్ళు.

స్ప్రూస్ చెట్లు ఉడికి, నారగా విడిపోయి
పైపుల్లో వచ్చేటప్పుడు చూస్తే
విరిగిన పాలనుకుంటారు ఎవరైనా.
నూటికి తొంభైతొమ్మిది పాళ్ళు నీళ్ళే.
జల్లెడ మీద కొంత దానంతటదే జారుతుంది,
అడక్కుండానే పోయే నీరు అది.
పీల్చే పెట్టెల మీద కొంత గొణుగుతూ పోతుంది.
ఆ తర్వాతది
రెండు ఇనుప రోలర్ల మధ్య నలిగితే తప్ప కదలదు.
ఇంకా మిగిలింది నార గోడల్లో దాక్కుంటుంది;
దాన్నెంత పిండినా లాభం లేదు, నిప్పే కావాలి.

తైస్తో నాకీ మాటలేవీ చెప్పలేదు.
చేరిన రోజు, ప్రెస్‌లోకి పోయే గుజ్జు గుప్పెడు తీసి
నా అరచేతిలో పెట్టి "పిండు" అన్నాడు.
పిండాను. మోచేతి దాకా కారింది.
తను పిండాడు.
ముందు ధార, తర్వాత చుక్కలు, తర్వాత ఏమీ లేదు.
వేళ్ళ అచ్చులు పడ్డ ముద్దను బల్ల మీద పెట్టి
"ముప్పై ఒకటి" అన్నాడు.
నూట అయిదు డిగ్రీల ఓవెన్ రాత్రంతా ఆలోచించి
ముప్పై పాయింట్ ఎనిమిది అంది.

పందెం, యాలకుల బన్ను.
పదకొండేళ్ళు నేనే కొన్నాను.
రాతినైనా పిండొచ్చు, నీ జేబు పిండలేమనేవాళ్ళం.
అరిగిన ఫెల్టు ముక్కలు ఇంటికి మోసుకెళ్ళి
జూన్ మంచు పడే రాత్రుల్లో
బంగాళాదుంప మొక్కలకి కప్పేవాడు.
"నలభై రోజులు నీళ్ళు మోసింది,
ఇక పడుకోనీ."

సరస్సు మీద లారీలు నడిచే ఫిబ్రవరిలో
మూడో మెషీన్ పక్కన
ఆయన చేతిలోంచి కాఫీ కప్పు జారింది.
మేం నవ్వాం.
తీయబోయి వంగాడు. చెయ్యి రాలేదు.
మెషీన్ ఆగలేదు.

ఆసుపత్రిలో ఓయిలి అనే అమ్మాయి
ఎర్ర రబ్బరు బంతి ఇచ్చింది, పిండమని.
దుప్పటి కింద దాచేశాడు.
"దీన్ని పిండితే ఏమొస్తుంది?"

మర్నాడు షిఫ్టు దిగి
డబ్బాలో గుజ్జు పట్టుకెళ్ళాను.
బస్సులో అది నీళ్ళోడుతూ
నా కోటంతా తడిపింది.
ఉడికిన కర్ర వాసనకి
నర్సు గుమ్మం దగ్గరే ఆగిపోయింది.

మొదటి రోజు
వేళ్ళు దాని మీద పడుకున్నాయి, అంతే.
ఒక చుక్క వచ్చింది.
పిండితే వచ్చిందో, ముద్ద వాలి కారిందో
నేను ప్రమాణం చేయలేను.
నాలుగో రోజు మణికట్టు తడిసింది.
మార్చి నెలాఖరుకి పక్క తడిసి
ఓయిలి విసుక్కుంది,
తర్వాత తనే బేసిన్ తెచ్చి పెట్టింది.

నిన్నటి ముద్ద మీద
మూడు వేళ్ళు లోతుగా, ఒకటి లీలగా.
బొటనవేలి జాడ లేదు.
"ఇరవై అయిదు" అన్నాడు,
మాటను కూడా మూతికి ఒక పక్కనుంచే పిండుకుని.

రాత్రి ఎండబెట్టాను. రెండుసార్లు తూచాను.
పందొమ్మిది పాయింట్ రెండు.

ఇవాళ మంచం పక్కన కూర్చుని
కాసేపు నీళ్ళు నమిలాను.
ఇరవై నాలుగని చెప్పొచ్చు, ఎవరు చూడొచ్చారు?
కానీ పదకొండేళ్ళలో
ఒక్క అంకె దిద్ది రాయలేదు నేను.
పైగా అబద్ధమని తెలిస్తే
ఆ ముద్దతోనే కొడతాడు,
కొట్టే చెయ్యి వచ్చాక.

"పందొమ్మిది" అన్నాను.

కిటికీ వైపు చూశాడు.
సరస్సు మీద మంచు నల్లబడుతోంది,
ఇక దాని మీద ఎవరూ నడవరు.
చాలాసేపటికి ఎడమ చేత్తో సొరుగు లాగి
కుడి చేత్తో చిల్లర ఏరడం మొదలుపెట్టాడు,
బన్ను ఖరీదుకి.
రెండు నాణేలు కింద పడ్డాయి.
నేను వంగలేదు.